కొన్న యింట లోపము బయటపడినచో: రైతునకు గల న్యాయమార్గములు

సంతలో ఎద్దును కొనునప్పుడు మన రైతు మిక్కిలి జాగరూకుడు. నోరు తెరచి పండ్లు చూచును, సుడులు పరికించును, నాలుగడుగులు నడిపించి కుంటు గలదేమో కనిపెట్టును, మెడమీద కాడి వైచి చూచినగాని బయానా చేతబెట్టడు. అట్టి రైతే, ఎద్దు వెలకు అనేక రెట్లు సొమ్ము పోసి పట్టణమున ఇల్లు కొనునప్పుడు, గోడ రంగును, గచ్చు నునుపును చూచి సంతసించి దస్తావేజుమీద చేవ్రాలు చేయుచున్నాడు. తరువాత ఒక వానకాలము గడచును. అప్పుడు స్లాబు కురియును, గోడ బీటవారును, గచ్చు క్రుంగును. "ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు" అని పెద్దలు చెప్పిరి గాని, కట్టిన యింటిని కొని చూచినవాని కష్టమును గూర్చి సామెత యేదియు మిగిల్చి పోలేదు.

ఇల్లు కొనుట పట్టణవాసుల సంగతి గదా, పైరుపంటల పత్రికకు దీనితో నేమి పని యని కొందరు సభ్యులు తలపవచ్చును. కాని నేడు పిల్లల చదువుకొరకో, ముసలితనమున వైద్యశాలకు చేరువగా నుండుటకో, పట్టణమున ఇల్లు కొనని రైతు కుటుంబము అరుదు. ఆ సొమ్ము భూమి అమ్మగా వచ్చినదో, భూమినే నమ్మి తెచ్చిన అప్పో యగును. ఇంటి గోడ పగిలినచో పగిలినది ఇటుక మాత్రమే కాదు; ఎకరముల భూమి. కావున ఈ విషయమును మేము తెలిసికొన్నంతవరకు సభ్యుల ముందుంచుచున్నాము.

రెండు ఇండ్ల కథ

మా సంఘ సభ్యులలో ఒకరు రెండెకరముల మెట్ట అమ్మి, కొంత బ్యాంకు ఋణము గూడ తీసికొని, జిల్లా కేంద్రమున ముప్పది ఫ్లాట్లు గల యొక భవనమున ఒక ఫ్లాటు కొనిరి. తాళపుచెవులు అందుకొన్నది 2020 నవంబరు మాసమున. రెండవ వానకాలము వెలిసిన పిమ్మట పడకగది కిటికీ మూలనుండి ఏటవాలుగా ఒక పగులు బయలుదేరెను. బిల్డరుతో చెప్పగా, "అది పూతలోని పగులు, మా మేస్త్రి వచ్చి సరిచేయును" అనెను. మేస్త్రి వచ్చెను, పగులులో పుట్టీ నింపెను, రంగు వేసెను. మరుసటి యేడు పగులు మరల వచ్చెను. మేస్త్రియు మరల వచ్చెను. ఈ విధముగా మూడుమార్లు జరిగెను.

ఇందు మా తప్పును గూడ చెప్పుకొనవలెను. 2022లో ఆ రైతు కందిపైరును గూర్చి అడుగుటకు వచ్చి, మాటలలో ఆ పగులును సెల్‌ఫోనులోని ఛాయాచిత్రమున మాకు చూపెను. మేము నేలలు చూచు అలవాటుచే, "ఆ ప్రాంతమంతయు నల్లరేగడి, రేగడి నేల వేసవిలో కుదించుకొనును, వానలకు ఉబ్బును, గోడలు పగులుట దాని స్వభావము" అని చెప్పి పంపితిమి. ఆయన మా మాట నమ్మి మిన్నకుండెను. ఆ మాట నేలను గూర్చి నిజమే గాని, న్యాయమును గూర్చి పొరపాటు. నేల స్వభావము దోషము కాదు. ఆ స్వభావము తెలిసియు తగిన పునాది వేయకుండుట దోషము. రేగడి కదలిక ముఖ్యముగా పైపొరలలో, సుమారు 3.5 మీటర్ల లోతువరకు ఉండునని గ్రహించియే, రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థవారు అంతకు దిగువకు పోయి అడుగున గంటవలె వెడల్పగు స్తంభపు పునాదులను ప్రచారము చేసిరి. చిన్ననాడు మిషను బడిలో ఇసుకమీద ఇల్లు కట్టినవాని కథ చదువుకొంటిమి. అందలి బుద్ధిహీనుడు తన యింటిని తానే కట్టుకొనెను. ఇతరులకు అమ్ముటకు కట్టువాడు అట్లు కట్టినచో బాధ్యత ఎవరిదను ప్రశ్న ఆ కథలో లేదు. మన చట్టములలో కలదు.

ఆ రైతు మరల మాయొద్దకు వచ్చినది 2025 ఆగస్టులో. చట్టము అతనికిచ్చిన ఐదు సంవత్సరముల గడువులో మిగిలినది మూడు మాసములు మాత్రమే. ఆ గడువు ఎట్టిదో ముందు చెప్పెదము.

రెండవ ఇల్లు మా పాల సంఘపు సభ్యురాలొకామెది. ఆమె మండల కేంద్రమున ఒక పాత పెంకుటింటిని దాని యజమానివద్దనే కొనెను. మూడవ మాసమున పెద్దవాన కురియగా వంటయింటి గచ్చు జానెడు లోతు క్రుంగెను. బండలు తీసి చూడగా అడుగున పాడుబావి! చెత్తయు, మట్టియు పోసి పూడ్చి, పైన బండలు పరచియుండిరి. ప్రక్కయింటి వృద్ధుడు, "నా చిన్నతనమున ఆ బావిలోనే నీరు తోడుకొంటిమి" అని చెప్పెను. అమ్మినవానిని అడుగగా, "కొన్నప్పుడే చూచుకొనవలసినది" అని బదులిచ్చెను.

ఈ రెండు ఇండ్లకును న్యాయమార్గములు వేరు, గడువులు వేరు. ఎవరివద్ద కొంటిమను దానినిబట్టి ఏ వాకిలి తట్టవలెనో తేలును.

యజమానివద్ద కొన్న పాత ఇల్లు

"కొన్నప్పుడే చూచుకొనవలసినది" అను మాట సగము నిజము. గోడ వాలియున్నను, చెదలు పట్టిన దూలము కంటికి కనబడుచున్నను, చూడక కొన్నవాడు పిదప మొరపెట్టిన ప్రయోజనము లేదు. సామాన్యమైన జాగ్రత్తతో తెలియదగిన లోపమునకు కొన్నవాడే బాధ్యుడు.

ఐనను తక్కిన సగము 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము 55వ సెక్షనులో నున్నది. వేరు షరతు లేనియెడల, ఆస్తియందు గాని, దానిపై తనకుగల హక్కునందు గాని ముఖ్యమైన లోపముండి, అది అమ్మువానికి తెలిసి, కొనువానికి తెలియక, సామాన్యమైన జాగ్రత్తతో కనుగొన వీలుకానిదైనచో, అమ్మువాడు దానిని చెప్పియే తీరవలెను. చెప్పకుండుట మోసముగా నెంచబడునని ఆ సెక్షనే పలుకుచున్నది. వంటయింటి బండల క్రింది బావి ఇట్టి లోపమునకు చక్కని ఉదాహరణము. కొనువాడు బండలు పెకలించి చూడవలెనని యే న్యాయమును కోరదు.

ఇట్టి వ్యాజ్యమున కొన్నవారు మూడు సంగతులు ఋజువు చేయవలెను. లోపము చిన్నది కాదనుట మొదటిది. అమ్మువానికి అది ముందే తెలియుననుట రెండవది. తమకు తెలియదనియు, సామాన్యముగా చూచినంతమాత్రమున తెలియదనియు చూపుట మూడవది. వీనిలో రెండవదే కఠినము. అమ్మువాని మనస్సులోని సంగతిని చూపుటెట్లు? ఇరుగుపొరుగువారి సాక్ష్యము, అంతకుముందు మరమ్మతు చేసిన మేస్త్రి మాట, పాత పన్ను కాగితములు, పాత పటములు ఇందుకు తోడ్పడును. పై కథలో ప్రక్కయింటి వృద్ధుని మాట బంగారము వంటిదాయెను.

ఋజువైనచో 1872 నాటి ఒప్పందముల చట్టమునుబట్టి కొన్నవారికి రెండు దారులు గలవు. క్రయమును రద్దు చేయించి సొమ్ము తిరిగి కోరవచ్చును. లేదా ఇల్లు తమవద్దనే యుంచుకొని నష్టపరిహారము కోరవచ్చును. రద్దు కోరువారు ఆలసింపరాదు. లోపము తెలిసిన పిమ్మటను ఏండ్లతరబడి ఆ యింటనే కాపురముండి, అద్దెలకిచ్చి, మార్పులు చేసినచో, క్రయమును ఒప్పుకొన్నట్లే యని ఎదుటివాడు వాదించును. దస్తావేజు రద్దుకొరకు వేయు దావాకు, 1963 నాటి కాలపరిమితి చట్టము ప్రకారము, సంగతి తెలిసిన నాటినుండి 3 సంవత్సరములు గడువు. మోసము దాచబడియున్నచో, అది బయటపడిననాటినుండియే కాలము లెక్కకు వచ్చును.

ఈ దావా సివిలు కోర్టులో వేయవలెను, విలువనుబట్టి కోర్టు రుసుము చెల్లించవలెను, కాలమును పట్టును. కాని స్త్రీలకును, షెడ్యూల్డు కులములు, తెగలవారికిని, నిర్ణీత పరిమితికి లోబడిన ఆదాయము గలవారికిని 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టము క్రింద న్యాయవాది ఉచితముగా లభించును. మా సభ్యురాలు జిల్లా న్యాయసేవాధికార సంస్థకు దరఖాస్తు పెట్టుకొనెను. నోటీసు అందిన పిమ్మట అమ్మినవాని స్వరము మారెను. దావా వేయకమునుపే లోక్‌ అదాలతులో రాజీ కుదిరెను. బావిని రాతితోను, మొరముతోను పూడ్చి గట్టి గచ్చు వేయుటకైన ఖర్చంతయు అతడు భరించెను. లోక్‌ అదాలతు తీర్పు కోర్టు డిక్రీతో సమానము. దానిపై అప్పీలు లేదు. కావున అందు చేవ్రాలు చేయుటకు ముందు షరతులను చక్కగా చదివించుకొనవలెను.

బిల్డరువద్ద కొన్న క్రొత్త ఇల్లు

2016వ సంవత్సరమున పార్లమెంటు స్థిరాస్తి నియంత్రణ, అభివృద్ధి చట్టమును చేసెను. "రెరా" అని లోకులు పిలుచునది ఇదియే. ఇది 2017 మే 1వ తేదీనాటికి పూర్తిగా అమలులోనికి వచ్చెను. ఆంధ్రప్రదేశ్‌, తెలంగాణ రాష్ట్రములకు వేర్వేరు ప్రాధికార సంస్థలు గలవు. 500 చదరపు మీటర్లకు, అనగా సుమారు 600 చదరపు గజములకు, మించని స్థలమున గాని, ఎనిమిదికి మించని ఫ్లాట్లతో గాని కట్టు చిన్న నిర్మాణములకు ఇందు నమోదు అక్కరలేదు. తక్కినవి నమోదు కావలెను.

ఈ చట్టమున కొన్నవారికి ప్రాణమువంటిది 14వ సెక్షను మూడవ ఉపవిభాగము. స్వాధీనము చేసిన తేదీనుండి 5 సంవత్సరములలోపల కట్టడపు బలిమిలో గాని, పనితనములో గాని, సామగ్రి నాణ్యతలో గాని, సేవలలో గాని లోపము కనబడి, ఆ సంగతిని బిల్డరునకు తెలియజేసినచో, అతడు 30 దినములలో పైసా తీసికొనక సరిచేయవలెను. చేయనిచో తగిన పరిహారమునకు కొన్నవారు అర్హులు. రిజిస్ట్రేషను ముగిసినంతమాత్రమున ఈ బాధ్యత తీరదు. మొదట కొన్నవానివద్దనుండి మరల కొన్నవారును ఈ హక్కును పొందుదురు. ఐతే 5 సంవత్సరముల లెక్క మరల మొదలుకాదు.

ఇక్కడ ఒక మాటను సభ్యులు గట్టిగా పట్టుకొనవలెను. ఐదేండ్లలో లోపము కనబడుట చాలదు; ఐదేండ్లలో దానిని బిల్డరునకు తెలియజేయవలెను. తెలియజేసినట్లు ఋజువుండవలెను. మా సభ్యుడు మూడేండ్లు నోటిమాటతోనే గడపెను. మేస్త్రి వచ్చి పోయిన గుర్తు గోడమీద తప్ప కాగితముమీద లేదు. ఆ గుర్తును గూడ రంగు కప్పివేసెను. 2025 ఆగస్టులో ఆయన మొదటి నోటీసును రిజిస్టరు పోస్టులో పంపెను. ఇరుగుపొరుగు ఫ్లాట్లవారిని విచారింపగా మరి ఎనిమిదిమందికి ఇట్టి పగుళ్లే యున్నవని తెలిసెను. ఎవరికివారు తమ గోడ మాత్రమే పగిలినదనుకొనుచుండిరి! తొమ్మిదిమందియు కలిసి ఇంజనీరును పిలిపించి నివేదిక వ్రాయించి, ఫిర్యాదు దాఖలు చేసిరి. అది విచారణలో నున్నందున ఫలితమును గూర్చి మేమేమియు చెప్పజాలము. గడువు దాటకమునుపే వాకిలి తట్టిరనునదే ప్రస్తుతమున కొంత ఊరట.

ఫిర్యాదును రెరా ప్రాధికార సంస్థ యెదుట 31వ సెక్షను క్రింద వేయవలెను. పరిహారపు మొత్తమును 71వ సెక్షను క్రింద న్యాయనిర్ణయాధికారి తేల్చును. సొంతముగా గాని, ఫ్లాట్లవారి సంఘము ద్వారా గాని వేయవచ్చును. విధింపబడిన పరిహారమును బిల్డరు చెల్లించనిచో, భూమిశిస్తు బకాయివలె వసూలు చేయవచ్చునని 40వ సెక్షను చెప్పుచున్నది. శిస్తు బకాయి యన్న మాట విని మన తాతలు వణకిరి. ఆ పద్ధతియే నేడు మన పక్షమున నిలుచుట గమనింపదగినది. తీర్పు నచ్చనివారు 60 దినములలో అప్పీలు చేసికొనవచ్చును.

వినియోగదారుల కమిషను

డబ్బు తీసికొని ఇల్లు కట్టియిచ్చుట "సేవ" యగునని సుప్రీంకోర్టు 1993లో తీర్పు చెప్పెను. 2012లో మన ఆంధ్రప్రదేశ్‌నుండి వెళ్లిన వ్యాజ్యమున, రోడ్లు, కాలువలు మొదలగు వసతులు కల్పింతుమని చెప్పి ప్లాట్లు అమ్ముట గూడ సేవయే యని తేల్చెను. వసతుల మాట యేమియు లేక వట్టి నేలను అమ్ముట మాత్రము ఇందులోనికి రాదు. పాత యింటిని యజమానివద్ద కొన్నవారికిని ఈ మార్గము సామాన్యముగా లేదు.

2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము క్రింద, చెల్లించిన వెల 50 లక్షల రూపాయలకు మించనిచో జిల్లా కమిషనులోను, 50 లక్షలు దాటి 2 కోట్లవరకు రాష్ట్ర కమిషనులోను, ఆపైన జాతీయ కమిషనులోను ఫిర్యాదు చేయవలెను. ఈ పరిమితులు 2021 డిసెంబరులో నిర్ణయింపబడినవి. రుసుము స్వల్పము. తాను నివసించు జిల్లాలోనే ఫిర్యాదు చేసికొనవచ్చుననునది పల్లెరైతునకు గొప్ప సౌకర్యము. ఇల్లు కొన్న పట్టణమునకు మాటిమాటికి పోనక్కరలేదు. న్యాయవాది లేకయే తన సంగతిని తాను చెప్పుకొనవచ్చును.

ఇందు గడువు 2 సంవత్సరములే. ఫిర్యాదునకు కారణము పుట్టిన నాటినుండి దీనిని లెక్కింతురు. ఆలస్యమునకు తగిన కారణము చూపినచో కమిషనువారు మన్నింపవచ్చును గాని, మన్నింతురని నమ్మి కూర్చుండరాదు. రెరా యున్నను ఈ మార్గము మూయబడలేదని సుప్రీంకోర్టు 2020లో స్పష్టపరచెను. రెరాలో నమోదు అక్కరలేని చిన్న భవనములలో ఇల్లు కొన్నవారికి ఈ మార్గము ముఖ్యముగా ఉపకరించును. ఏ మార్గము తనకు తగునో మొదటనే యోచించి, ఒకదానిని పట్టుకొని సాగుట మేలు.

గోడలో కాక కాగితములో నున్న లోపము

ఇల్లు రాతివలె నిలిచియుండియు దాని హక్కు బీటవారియుండవచ్చును. వారసులలో ఒకరి చేవ్రాలు లేకపోవుట, తాకట్టు తీరకుండుట, బదిలీకి వీలులేని అసైన్డు భూమిలో కట్టుట, చెరువు శిఖములో కట్టుట ఇట్టివి. 2024లో హైదరాబాదు చెరువుల పూర్తి నీటిమట్టపు హద్దులలోని కట్టడములను కొన్నిటిని అధికారులు కూల్చినప్పుడు ఈ లోపము ఎంతటిదో లోకమునకు తెలిసెను. నీరు నిలుచు నేలయేదో రైతునకు ఒకరు చెప్పవలెనా? ఐనను కాగితము చూచి కన్నును మరచుచున్నాము.

అమ్మువానికి అమ్ముటకు హక్కు గలదని ఒప్పుకొన్నట్లే యెంచవలెనని ఆస్తి బదిలీ చట్టము 55వ సెక్షను రెండవ ఉపవిభాగము చెప్పుచున్నది. ఆ హక్కు లేదని తేలినచో కొన్నవారు అతనినుండి నష్టము రాబట్టుకొనవచ్చును. బిల్డరువద్ద కొన్నచో రెరా 18వ సెక్షను ఇంకను బలమైనది. భూమి హక్కులోని లోపమువలన కలిగిన నష్టమునకు బిల్డరు పరిహార మీయవలెను; ఈ కోరికకు కాలపరిమితి అడ్డురాదు.

లోపము కనబడిననాడే చేయవలసినవి

మొదట తేదీ వ్రాయుడు. పగులు రెండు కొనలవద్దను పెన్సిలుతో గీత గీచి, ప్రక్కన తేదీ వేయుడు. మాసమునకొకసారి చూచి, పెరిగినచో మరల గీత గీయుడు. పగులుకు అడ్డముగా చిన్న గాజుముక్కను సిమెంటుతో అతికించుడు; గాజు విరిగెనా, గోడ ఇంకను కదలుచున్నదని అర్థము. సాలెగూడువలె వెంట్రుకవాసి పగుళ్లు పూతలో మాత్రమే యుండవచ్చును. కిటికీ, ద్వారముల మూలలనుండి ఏటవాలుగా సాగి, గోడకు రెండువైపులను కనబడు పగులును మాత్రము ఉపేక్షింపరాదు.

రెండవది, ఛాయాచిత్రములు. ప్రక్కన కొలబద్ద నుంచి తీయవలెను. మూడవది, అర్హుడైన సివిలు ఇంజనీరుచే పరీక్ష చేయించి వ్రాతమూలకముగా నివేదిక తీసికొనవలెను. లోపమేమి, కారణమేమి, సరిచేయుటకు ఎంత ఖర్చగును అను మూడు సంగతులు అందుండవలెను. నాలుగవది నోటీసు. దానికి పెద్ద భాష అక్కరలేదు. ఈ క్రిందివిధముగా వ్రాసిన చాలును:

"అయ్యా, మీరు నిర్మించిన ఫలానా భవనములోని ఫలానా సంఖ్య గల ఫ్లాటును ఫలానా తేదీ గల దస్తావేజు ద్వారా కొని, ఫలానా తేదీన స్వాధీనము పొందితిని. ఫలానా తేదీన ఈ క్రింది లోపములు కనుగొంటిని. ఛాయాచిత్రములు, ఇంజనీరు నివేదిక ప్రతి జతపరచడమైనది. ఈ నోటీసు అందిన 30 దినములలో వీనిని ఉచితముగా సరిచేయవలెనని కోరుచున్నాను. చేయనియెడల చట్టప్రకారము పరిహారముకొరకు తగు అధికారులయెదుట ఫిర్యాదు చేయుదును."

దీనిని స్పీడు పోస్టులో పంపి, రసీదును, అందిన గుర్తును భద్రపరచవలెను. ఒక ప్రతిని ఈమెయిలులోను పంపుట మంచిది. ఇకపై బిల్డరు ఫోనులో చెప్పిన మాటకు, "మీరు ఈ దినమున ఇట్లు చెప్పితిరి" అని మరునాడే వ్రాసి పంపవలెను.

చేయరాని పనులు

సాక్ష్యము సిద్ధముకాక మరమ్మతు చేయరాదు. మా సభ్యురాలు బావి కనబడిన నాటిసాయంకాలమే మట్టి బండ్లు తెప్పించెను. ప్రక్కయింటివారు ఆపియుండనిచో ఆ బావితోడనే ఆమె వ్యాజ్యమును పూడియుండెడిది. ప్రాణాపాయమున్నచో మాత్రము వెంటనే చిత్రములు తీయించి, పెద్దమనుషులయెదుట వ్రాత వ్రాయించి, పని జరిపింపవచ్చును, బిల్లులన్నియు దాచవలెను.

బిల్డరుపై కోపముతో బ్యాంకు వాయిదాలు ఆపరాదు. ఋణము వేరు, లోపము వేరు. వాయిదాలు తప్పినచో బ్యాంకు ఆ యింటినే వేలము వేయగలదు. బ్యాంకువారు విలువ కట్టి ఋణమిచ్చిరి గనుక ఇల్లు మంచిదే యను వాదమును నిలువదు. వారు చూచునది తమ ఋణపు భద్రతను.

"సొమ్మంతయు ముట్టినది, ఇకపై ఏ కోరికయు లేదు" అను కాగితముమీద, మరమ్మతు నెపమున తెచ్చినను, చదువక చేవ్రాలు చేయరాదు. ప్రతి లోపమునకును పోలీసు స్టేషనునకు పరుగెత్తుటయు ప్రయోజనము లేనిది. మొదటినుండి మోసపుటాలోచనతో అమ్మినచో నేరమగును. తక్కినవి సివిలు సంగతులు.

కడపటి మాట

ఫ్లాటు కొన్న రైతునకు పంట బీమాలో గడువెంత ముఖ్యమో తెలియును. ఎరువు సంచి లోపభూయిష్ఠమైనచో రసీదు చూపవలెనని తెలియును. ఇంటి విషయమున మాత్రము ఆ బుద్ధి మాటున పడెను. అందు మా పాలును కలదు గనుకనే ఈ వ్యాసము వ్రాసితిమి. నాడు మేము చెప్పవలసిన మాట "అది రేగడి స్వభావము" అని కాదు. "ఈ దినమే ఒక ఉత్తరము వ్రాయుడు" అని. ఆ ఒక్క ఉత్తరము లేక మూడు వానకాలములు పోయినవి.

ఒకే భవనములో తొమ్మిదిమంది విడివిడిగా బాధపడుచు, కలిసినగాని తమ బాధ ఒకటేయని ఎరుగకుండిరి. సహకారమను మాట పాలకును, ఎరువులకును మాత్రమే కాదు. క్రొత్త భవనమున ఇల్లు కొన్న సభ్యులు మొదటి యేటనే ఫ్లాట్లవారి సంఘమును ఏర్పరచుకొని, ఏడాదికొకమారు వానకాలము వెలియగానే ఇండ్లన్నియు కలిసి పరీక్షించుకొనుట మేలు.

విత్తిన తేదీని వ్రాసికొనని రైతు పైరు వయస్సు చెప్పలేడు. అట్లే ఇంటి తాళపుచెవులు అందుకొన్న తేదీని వ్రాసికొననివాడు తన హక్కు వయస్సును చెప్పలేడు. ఈ సంచికను చదివిన సభ్యులలో ఇల్లు కొన్నవారెవరైన నున్నచో, ఇప్పుడే లేచి దస్తావేజు తీసి, స్వాధీనపు తేదీని, దానికి ఐదేండ్లు నిండు తేదీని గోడమీది క్యాలెండరుపై వ్రాసికొందురు గాక. ఆ గోడకు పగులున్నచో, దానిప్రక్కన గూడ తేదీ వేయుదురు గాక.